రోజుకు ఐదు వందల లోటు

తమ్ముడికి తన కాలేయంలో ముక్క ఇస్తానని అక్క చెప్పింది. రక్తం గ్రూపు కలిసింది. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు బాగున్నాయని రిపోర్టులు వచ్చాయి. స్కాన్ దగ్గర పని ఆగింది. ఆమె కాలేయంలో కొవ్వు ఇరవై రెండు శాతం ఉంది.

సర్జన్ తెర మీద బొమ్మ చూపించాడు.

"ఇందులో సగానికి పైగా కోసి అతనికి పెట్టాలి. మిగిలింది మీ ఒంట్లో మళ్ళీ పెరగాలి. ఇంత కొవ్వుతో కోస్తే అక్కడ పెట్టింది పనిచేయదు, ఇక్కడ మిగిలింది పెరగదు. ఒకరిని కాపాడబోయి ఇద్దరినీ పోగొట్టుకుంటాం."

"ఎంత ఉండొచ్చు?" అని అక్క అడిగింది.

"పది లోపు. దీనికి మందు లేదు. మీరు బరువు తగ్గాలి."

"వాడికి ఎంత టైముంది?"

సర్జన్ తమ్ముడి ఫైలు వైపు చూశాడు. "తొందరగా తగ్గండి," అన్నాడు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. తాగుడు అలవాటు లేదు. ఎప్పుడు చేరిందో తెలియని వైరస్ ఒకటి ఏళ్ళ తరబడి అతని కాలేయాన్ని తిని గట్టిపరిచింది. పని మానేసి ఇంట్లో ఉంటున్నాడు. పలకరించడానికి ఎవరు వచ్చినా ఒకటే మాట చెప్పేవాడు. "జనాన్ని పైకి పంపడమే కదా నా ఉద్యోగం. ఇప్పుడు నా నంబరు నొక్కారు." వచ్చినవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక మంచినీళ్ళు తాగేవాళ్ళు.

అతని భార్య గ్రూపు కలవలేదు. పిల్లలు లేరు. తల్లిదండ్రులు పోయారు. చనిపోయినవాళ్ళ కాలేయం కోసం ఆసుపత్రిలో పేరు రాయించారు కానీ ఆ వరస కదలడం లేదు. మిగిలింది అక్క ఒక్కతే.

అక్క పంపుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో హెడ్ కుక్. భర్త పోయిన దగ్గర్నుంచి తమ్ముడి ఇంట్లో పై గదిలో ఉంటోంది. ఫ్యాక్టరీలో వెల్డర్ నుంచి మేనేజర్ వరకు అందరికీ ఆమె అక్కే. బరువు ఎనభై ఎనిమిది కిలోలు. ఆ బరువు ఆమెకు ఎప్పుడూ అడ్డం రాలేదు. ఇద్దరు మగవాళ్ళు పట్టే గుండిగను ఒక్కతే పొయ్యి మీద నుంచి దించేది.

డైటీషియన్ గది ఆసుపత్రి రెండో అంతస్తులో చివర ఉంది. బల్ల మీద రబ్బరుతో చేసిన అన్నం ముద్ద, రొట్టె, కోడి కాలు ఉన్నాయి. అక్క కోడి కాలు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "వేపుడు సరిగా కుదర్లేదు," అని పెట్టేసింది. డైటీషియన్ నవ్వింది. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి.

"మీరు ఊరికే పడుకున్నా ఒంట్లో పొయ్యి ఆరదమ్మా," అంది. "సన్న మంట మీద వెలుగుతూనే ఉంటుంది. ఊపిరికి, గుండెకి, ఒంటి వేడికి అది కావాలి. దాన్నే మెటబాలిజం అంటాం. దాని పైన మీరు నడిచేది, ఎత్తేది, దించేది. అంతా కలిపి మీకు రోజుకి రెండు వేల రెండు వందల కేలరీలు కావాలి. మనం పదిహేడు వందలే పెడదాం. మిగతా ఐదు వందలు ఒళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది?"

"ఉన్న కొవ్వులోంచి."

"అంతే. రోజుకి ఐదు వందల లోటు. వారానికి అరకిలో. కాలేయంలో ఉన్నది ముందుగా కరుగుతుంది."

"మొత్తానికే మానేస్తే ఇంకా తొందరగా అవుతుంది కదా?"

"అవదు. పస్తులుంటే కండ పోతుంది. ఒంట్లో కొవ్వంతా ఒక్కసారి కదిలి కాలేయం మీద పడుతుంది. అది మనం ఇంకొకరికి ఇవ్వాల్సింది. నిదానంగానే దించాలి."

ఏం తింటున్నదీ ప్రతి వారం వచ్చి చెప్పమంది. అక్క సరేనంది.

ఇంట్లో మరదలు వంటింటి తూకం ఒకటి కొన్నది. అక్క కంచంలో పడే అన్నం, కూర, రొట్టె అన్నీ దాని మీద నుంచి పోయేవి. మధ్యాహ్నానికి డబ్బా కూడా ఇంటి నుంచే. క్యాంటీన్ భోజనం అక్క పూర్తిగా మానేసింది. సిబ్బంది కంచాలు పట్టుకుని కూర్చునే వేళకు ఆమె పక్కకు వెళ్ళి డబ్బా తెరిచేది. ఉడికించిన కూరగాయలు, ఒక గుడ్డు, రెండు చెంచాల అన్నం.

"ఏంటక్కా, కుందేలు భోజనమా?" అన్నాడు బాబాయి. అతను రెండో వంటవాడు. అందరికన్నా పెద్దవాడు కాబట్టి ఆ పేరు.

"కుందేలు ఎప్పుడైనా లావుగా కనబడిందా నీకు?"

"ఏనుగు కూడా ఆకులే తింటుంది," అన్నాడు బాబాయి.

మొదటి మూడు వారాల్లో మూడు కిలోలు తగ్గింది. తమ్ముడు ఆమె చుట్టూ తిరిగి చూసి, "మూడు కిలోల అక్క ఎటు పోయిందే?" అని భార్యను అడిగాడు. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వి చాలాకాలమైంది.

డైటీషియన్ మాత్రం అంత సంబరపడలేదు. అందులో సగం నీళ్ళేనంది. తర్వాత వారం ముల్లు ఎనభై ఐదు దగ్గర ఆగింది. ఆ పై వారం అక్కడే. నెల తిరిగినా అక్కడే.

"ఒళ్ళు అలవాటుపడుతుందమ్మా," అంది డైటీషియన్. "తిండి తగ్గిందని పసిగట్టి మంట తగ్గించుకుంటుంది. మీకు తెలియకుండానే తక్కువ నడుస్తారు, ఎక్కువ కూర్చుంటారు. ఇంకో రెండు వందలు తగ్గిద్దాం. నడక పెడదాం." థైరాయిడ్ పరీక్ష చేయించింది. బాగానే ఉందని వచ్చింది.

షిఫ్టు అయ్యాక అక్క ఫ్యాక్టరీ గోడ వెంట నడవడం మొదలుపెట్టింది. గేటు దగ్గర గార్డు రెండు రోజులు చూసి అడిగాడు.

"ఏం పోయిందక్కా, అలా వెతుకుతున్నావ్?"

"పోవాల్సింది పోవట్లేదు."

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఇంకో తూకం నడుస్తోంది. తమ్ముడు తినాలి. కండ కరిగిపోతోంది కాబట్టి రోజుకి ఆరుసార్లు, కొద్దికొద్దిగా అయినా తినమన్నారు. అతనికి ఆకలి లేదు. పొట్టలో నీరు చేరి రెండు ముద్దలకే నిండేది. కాళ్ళు, చేతులు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం పెరిగింది. తూకం మీద నిలబెడితే అతను బరువు పెరిగినట్టు చూపించేది. బల్లకు ఒకవైపు మరదలు మొగుణ్ణి ఇంకో ముద్ద తినమని బతిమాలేది. రెండోవైపు ఆడపడుచు కంచంలోంచి చెంచాడు అన్నం తీసి గిన్నెలో వేసేది.

"నీ దగ్గర ఎక్కువున్నది నాకెయ్యవే," అనేవాడు తమ్ముడు అక్కతో. "కాలేయం సంగతి తర్వాత. ముందు ఆకలి ఇవ్వు."

ఒక ఆదివారం పొద్దున అక్క గిన్నెలు తోముతుంటే మరదలు పక్కకు వచ్చి నిలబడింది.

"వదినా, ఒక మాట అడుగుతా. ఏమీ అనుకోకు."

"అనుకునేదే అయితే అడగకు."

"ఇంట్లో నువ్వు తినేది పిచ్చుకకు చాలదు. తూచి పెట్టేది నేనే. మరి బరువెందుకు తగ్గట్లేదు?"

"ఒళ్ళు అలవాటుపడిందని చెప్పింది కదా ఆవిడ."

"గాలి తిని అలవాటుపడుతుందా?"

అక్క చేతిలో గిన్నె ఆగింది. "క్యాంటీన్‌లో తింటున్నానంటావ్."

"నేననలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు." మరదలు గొంతు తగ్గించింది. "కోతంటే ఎవరికైనా భయమే వదినా. నువ్వు ఇవ్వనన్నా నేనేమీ అనను. ఆయనా అనడు. అదేదో నోటితో చెప్పెయ్. కిలోల మీద పెట్టకు."

అక్క తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. పక్క గదిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"నా కాలేయం గురించి మాట్లాడుకునేటప్పుడు నన్ను కూడా పిలవండమ్మా. నేనూ ఇంట్లోనే ఉన్నా."

ఆ రోజు నుంచి మరదలు తూకం వాడటం మానేసింది. కంచం పెట్టి పక్కకు వెళ్ళిపోయేది. అక్క తనే తూచుకునేది.

ఎవరూ అనుమానించకముందే అక్కకు తన మీద తనకే అనుమానం వచ్చింది. నిద్రలో లేచి తింటున్నానేమోనని రాత్రిళ్ళు వంటింటికి తాళం వేయించింది. కోత అంటే భయం లేదని తనకు తాను చెప్పుకుంది. కాస్త ఉందేమో అని కూడా అనుకుంది. ఆ భయమే బరువును పట్టుకుని కూర్చుందేమో అని డైటీషియన్‌ను అడిగింది. భయానికి కేలరీలు లేవని ఆమె చెప్పింది.

క్యాంటీన్‌లో కింద వంటగది, పైన భోజనాల హాలు. గుండిగలు పైకి పోవడానికి సరుకుల లిఫ్టు ఒకటి ఉంది. అది మధ్యలో ఆగిపోయింది. లిఫ్టు కంపెనీ నుంచి వచ్చిన కొత్త మెకానిక్‌కు లోపం దొరకలేదు. ఆ లిఫ్టు బిగించింది తమ్ముడే. ఫోన్‌లో చెబితే సరిపోయేది, కానీ వస్తానన్నాడు. ఇంట్లో ఉండి ఉండి గోడలు మొహం మొత్తాయన్నాడు.

ఆటో ఎక్కి వచ్చాడు. వంటగదిలో గోడ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. కొత్త మెకానిక్ మోటారు దగ్గర ఉండి అరిస్తే, ఇతను కింద నుంచి జవాబు చెప్పేవాడు. మధ్యమధ్యలో పని లేనప్పుడు వంట చూశాడు. క్యాంటీన్‌లో అక్క వంట చేస్తుండగా అతను చూడటం అదే మొదటిసారి. ఇంట్లో వంట మరదలిది.

ఆరు పొయ్యిలు వెలుగుతున్నాయి. అక్క ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి నడుస్తోంది. గరిటె ముంచడం, ఎడమ అరచేతిలో వేసుకోవడం, నాకడం. ఉప్పు వేయడం, కలపడం, మళ్ళీ అరచేయి. తర్వాత మాంసం గ్రేవీ. ముక్క ఉడికిందా లేదా అని ఒక ముక్క. వేపుడులోంచి ఒకటి తీసి ఊదుకుని నోట్లో వేసుకుంది. సూప్. పాలు పోసిన తీపి వంటకం, దానిలో చక్కెర సరిపోలేదని మళ్ళీ. చివరి పొయ్యి దాకా వెళ్ళాక మొదటి పొయ్యి దగ్గరకు వచ్చింది. మంట పెంచినా, నీళ్ళు పోసినా, మూత తీసినా అరచేయి నోటి దగ్గరకు పోతోంది. తమ్ముడు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మానేశాడు.

లిఫ్టు కదిలింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. తమ్ముడు అక్కను పిలిచాడు.

"నువ్వు రోజూ ఇలాగే చేస్తావా?"

"ఎలాగే?"

"నోటితో వంట."

"రుచి చూడకుండా ఎలా చేస్తార్రా? లిఫ్టు బిగించి ఎక్కి చూడవా నువ్వు?"

"చూస్తా. ఎక్కితే నేను లావెక్కను."

అక్కకు కోపం వచ్చింది. "రుచి చూడటం తినడం కాదు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. వంటవాడికి కంచంలో పడిందే తిండి. బాబాయ్, నువ్వు చెప్పు."

"అంతేగా మరి," అన్నాడు బాబాయి. అతని నోట్లో వేపుడు ముక్క ఉంది.

తమ్ముడు అక్క అరచేయి పట్టుకుని చూశాడు. నూనె ఉంది.

అక్క ఈ సంగతి డైటీషియన్‌కు చెప్పింది. ఆమె ఒక పని చెప్పింది. రేపు షిఫ్టంతా నోట్లో ఏమీ వేసుకోవద్దు. రుచి చూడాలనిపించినప్పుడల్లా అంతే తీసి ఒక గ్లాసులో వెయ్యండి. ఆ గ్లాసు తీసుకురండి.

అక్క పెద్ద స్టీలు గ్లాసు పెట్టుకుంది. భోజనాల వేళ కాకముందే అది నిండింది. రెండోది తీసుకుంది. గ్రేవీ, నూనె, మాంసం ముక్కలు, తీపి, ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. మూత పెట్టి గుడ్డ కట్టి తీసుకెళ్ళింది. డైటీషియన్ వాటిని తూచి, లెక్క వేసింది.

"ఏడు వందల పైనే," అంది.

అక్క గ్లాసుల వైపు చూస్తూ కూర్చుంది.

"మీ మెటబాలిజం బాగానే ఉందమ్మా. లోటే లేదు. మనం ఒక పక్క తీసినంతా ఇంకో పక్క వేస్తూ వచ్చాం."

"ప్రతి వారం చెప్పాను మీకు, ఏం తిన్నదీ."

"చెప్పారు. నేను తిన్నది అడిగాను, మీరు తిన్నది చెప్పారు." డైటీషియన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వంట చేసేవాళ్ళని నేను వేరేగా అడగాల్సింది."

అప్పటికి మూడు నెలలు పోయాయి.

ఇంటికి వచ్చి అక్క మరదలికి చెప్పింది. మరదలు విని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తప్పు తనదని గానీ, ఆడపడుచుదని గానీ అనలేదు. "మూడు నెలలు," అంది. అంతే.

క్యాంటీన్‌లో రుచి చూసే పని బాబాయికి పోయింది. బాబాయికి సిగరెట్ల నాలుక. అతనికి చప్పగా ఉన్నది అందరికీ ఉప్పు కషాయం. ఒక వారం హాలులో కూర తిన్నవాళ్ళు కడుపు నిండా నీళ్ళు తాగి లేచారు. "అక్కా, సముద్రం ఎటు వైపు?" అని వెల్డర్ ఒకడు కిటికీలోంచి తల పెట్టి అడిగాడు. మేనేజర్ పిలిచి, ఆరోగ్యం బాగాలేకపోతే సెలవు పెట్టమన్నాడు. నిలబడకపోతే, నడవకపోతే మంట తగ్గుతుందని అక్క సెలవు పెట్టలేదు. వాసనతో చేయడం నేర్చుకుంది. ఉడుకు చప్పుడు వినేది. ఉప్పును పిడికిలితో కాకుండా తూకంతో వేసింది. వంట తినదగ్గట్టు వచ్చేది. బాగుందని ఎవరూ అనలేదు. తన వంట ఎలా ఉందో ఆమెకే తెలిసేది కాదు.

బరువు తగ్గడం మొదలైంది. వారానికి అరకిలో. ఒక్కో వారం కొంచెం ఎక్కువ, ఒక్కో వారం తక్కువ. డైటీషియన్ చెప్పినట్టే జరిగింది. ఎనభై ఒకటి దగ్గర స్కాన్ తీస్తే కొవ్వు పద్నాలుగు శాతానికి వచ్చింది.

ఆ వారమే తమ్ముడి పొట్టలోంచి సూదితో నీరు తీశారు. రెండు సీసాలు నిండాయి. తీసిన నాలుగు రోజులకే మళ్ళీ చేరడం మొదలైంది. మాట మధ్యలో ఏం చెబుతున్నాడో మరిచిపోయేవాడు. ఒకరోజు టీవీ రిమోట్ పట్టుకుని ఇది ఏ అంతస్తు అని భార్యను అడిగాడు. జోకు అనుకుని ఆమె నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగింది.

అక్క సాయంత్రం భోజనం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. తూచుకుని, కంచం పైకి తీసుకెళ్ళి, సంచిలో కట్టి పొద్దున్నే పారేసేది. రెండు వారాల్లో మూడున్నర కిలోలు పోయాయి. రక్తపరీక్షలో కాలేయం దెబ్బతింటోందని చూపే ఎంజైములు పెరిగాయని వచ్చింది.

"పస్తులున్నారా?" అని డైటీషియన్ అడిగింది.

అక్క తల ఊపింది.

"నేను చెప్పాను."

"వాడికి టైము లేదు."

"అందుకే చెప్పాను." డైటీషియన్ కాగితం మీద మళ్ళీ సాయంత్రం భోజనం రాసింది. ఆ ఎంజైములు దిగేదాకా సర్జన్ మరో స్కాన్ తీయనన్నాడు. ఇంకో నెల పోయింది.

తమ్ముడికి ఈ సంగతి తెలిసింది. మరదలు చెప్పింది. స్పృహ బాగున్న ఒక మధ్యాహ్నం అక్కను మంచం దగ్గరకు పిలిచాడు.

"చెడిపోయిన సరుకు నాకెందుకే? ఇచ్చేదేదో మంచిది ఇవ్వు."

"నోరు ముయ్యరా."

"నువ్వు తెరువు. అన్నం తిను. ఆవిడ చెప్పినంత తిను. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

ఆమె తిన్నది. మళ్ళీ వారానికి అరకిలో. ఆ నెలంతా ఇంట్లో మాటలు తగ్గాయి. మరదలు మళ్ళీ తూకం పట్టుకుంది. తన చేత్తో తూచి, కంచం వదిన ముందు పెట్టి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చునేది. కాపలాకో, తోడుకో అక్క అడగలేదు.

డెబ్బై ఆరు కిలోల దగ్గర స్కాన్ తీశారు. కొవ్వు తొమ్మిది శాతం.

సర్జన్ తెర తిప్పి చూపించాడు. మొదటి బొమ్మ పక్కన ఈ బొమ్మ పెట్టాడు. "ఇది బాగుంది," అన్నాడు. "నేనైతే ఇంత తగ్గుతారనుకోలేదు. తేదీ చూద్దాం. ముందు అతన్ని ఒకసారి తీసుకురండి."

అక్క ఆసుపత్రి మెట్లు దిగుతూ మరదలికి ఫోన్ చేసింది. మరదలు ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, అంబులెన్స్‌లో ఉన్నామని చెప్పింది. పొద్దుట్నుంచి జ్వరం, వణుకు. అక్క మెట్లు దిగడం ఆపి, కింద తలుపు దగ్గరే నిలబడింది. కాసేపటికి అంబులెన్స్ ఆ తలుపు దగ్గరకే వచ్చింది.

పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ సోకింది. ఐసీయూలో పెట్టారు. మొదట మూత్రపిండాలు మొండికేశాయి, తర్వాత ఊపిరి. అద్దం ఇవతల నుంచి చూస్తే దుప్పటి కింద అతను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాడో తెలిసేది కాదు. బయట కుర్చీల్లో అక్క, మరదలు పక్కపక్కన కూర్చున్నారు. మరదలు ఇంటి నుంచి తూచిన డబ్బా తెచ్చేది. అక్క తినేది. ఏ రోజు పిలిచినా సిద్ధంగా ఉండాలి.

ఇన్ఫెక్షన్ తగ్గింది. అతను కళ్ళు తెరిచాడు. గొట్టాలు తీశారు. ఆ తర్వాత సర్జన్ ఇద్దరినీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"బతికి బయటపడ్డాడు. కానీ ఒంట్లో కండ లేదు. గుండె దెబ్బతింది. అంత పెద్ద ఆపరేషన్ బల్ల మీద అతను తట్టుకోలేడు. జాబితాలోంచి పేరు తీసేస్తున్నాం."

"నాది బాగుందన్నారు కదా," అంది అక్క.

"మీది బాగుందమ్మా."

"కొంచెం కోలుకున్నాక?"

"కోలుకోవడానికే అతనికి కొత్తది కావాలి. కొత్తది పెట్టాలంటే ముందు కోలుకోవాలి."

"ఇంకా ముందు అయ్యుంటే?" అని మరదలు అడిగింది.

సర్జన్ జవాబు చెప్పడానికి ముందు అక్క వైపు చూశాడు. "అది ఇప్పుడు చెప్పలేం," అన్నాడు. ముగ్గురికీ తెలుసు, చెప్పొచ్చని.

అతన్ని ఇంటికి తీసుకొచ్చారు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. నొప్పికి, నిద్రకు మందులిచ్చారు. ఇంక తిండి బలవంతం చేయనక్కర్లేదని, అడిగింది పెట్టమని చెప్పారు. అతను ఏమీ అడగలేదు.

అక్క మాత్రం తూచుకోవడం ఆపలేదు. నడక ఆపలేదు. డైటీషియన్ దగ్గరకు ఆ వారం కూడా వెళ్ళి తూకం మీద నిలబడింది. డైటీషియన్‌కు సంగతి తెలుసు. ముల్లు చూసి, "డెబ్బై ఐదున్నర," అంది. తర్వాత వారానికి రమ్మని గానీ వద్దని గానీ చెప్పలేదు. అక్కే వస్తానని చెప్పి వచ్చింది.

"ఇంకా ఎందుకు వదినా కడుపు మాడ్చుకోవడం?" అంది మరదలు.

"వాడు లేచి కూర్చుంటే ఆసుపత్రివాళ్ళు మళ్ళీ అడుగుతారు. అప్పటికి నేను లావెక్కి ఉండకూడదు."

"డాక్టరు చెప్పింది నీతో పాటు నేనూ విన్నా."

"విన్నా," అంది అక్క. రొట్టె సగం విరిచి తూకం మీద పెట్టింది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు మెలకువగా ఉన్నాడు. కళ్ళు పసుపు రంగులో ఉన్నా మాట తెలివిగానే ఉంది. అక్క నేల మీద కూర్చుని తన కంచంలోది తింటోంది. అతను కాసేపు చూశాడు.

"ఇంకా తూచిందేనా?"

"అదే."

"ఆ డాక్టరు నాకూ చెప్పాడే అక్కా. మీరు బయటికి వెళ్ళాక అడిగి చెప్పించుకున్నా."

అక్క ముద్ద కలపడం ఆపింది.

"ఇంక నువ్వు నాకోసం ఖాళీ చేసి ఉంచక్కర్లేదు," అన్నాడు. "నా ముందు కూర్చుని కడుపునిండా ఒక్కసారి తిను. చూడాలనుంది."

"సాయంత్రం తింటాలే."

"సాయంత్రం నేను నిద్రలో ఉంటా. ఇప్పుడే." వంటింటి వైపు తల తిప్పాడు. "ఏమే, గిన్నె ఇటు తీసుకురా. ఆ తూకం అక్కడే ఉంచు."

మరదలు అన్నం గిన్నె, కూర గిన్నె తెచ్చింది. ఆడపడుచు ఎదురుగా కింద కూర్చుంది. గరిటె పట్టుకుని వేయాలా వద్దా అన్నట్టు చూసింది. అక్క కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి అలా ఉంచి తమ్ముడి మొహం చూసింది. అతను ఎదురుచూస్తున్నాడు. అతని దవడ ఎముక చర్మంలోంచి కనబడుతోంది. దుప్పటి మీద పెట్టిన చెయ్యి కదలలేదు.

అక్క చెయ్యి తీసింది.

మరదలు అన్నం వేసింది. కూర వేసింది. అక్క కలుపుకుని తినడం మొదలుపెట్టింది. రెండు ముద్దల తర్వాత ఆగింది. నీళ్ళు తాగి మళ్ళీ తిన్నది. కంచం సగమయ్యాక మరదలు అడగకుండానే ఇంకోసారి వడ్డించింది. ఈసారి అక్క వద్దనలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తమ్ముడు కళ్ళు మూయలేదు.

"ఊఁ," అన్నాడు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

అక్క కంచం తీసుకుని లేచింది.